ఇల్లు బంజారా హిల్స్‌లోనే, మరి మీరు లోకలేనా?

ఇల్లు బంజారా హిల్స్‌లో, ఆధార్ కూడా ఇక్కడిదే. కానీ ఇంటర్ విజయవాడలో చదివారనుకోండి, తెలంగాణలో ఎంబీబీఎస్ సీటుకి మీరు నాన్‌లోకల్!

2024లో వచ్చిన జీవో 33 ప్రకారం 9వ తరగతి నుంచి ఇంటర్ సెకండియర్ దాకా వరసగా 4 ఏళ్లు ఇక్కడే చదవాలి, ఇంటర్ పరీక్ష ఇక్కడే రాయాలి. అడ్రస్ ప్రూఫ్ ఒక్కటే సరిపోదు. 2025 సెప్టెంబర్ 1న సుప్రీంకోర్టు కూడా ఓకే అంది. రాష్ట్రం బయట పనిచేసే తెలంగాణ ప్రభుత్వోద్యోగులు, సైనికుల పిల్లల్లాంటి కొందరికే మినహాయింపు.

తేడా ఎంతంటారా? ప్రైవేటు కాలేజీలో కన్వీనర్ సీటుకి ఏడాదికి 60 వేలు, మేనేజ్‌మెంట్ సీటుకి 10 లక్షల పైనే. కన్వీనర్ సీట్లలో కనీసం 85 శాతం లోకల్స్‌కే. రాజస్థాన్ కోటాకి రైలెక్కితే ఇక్కడి కోటా పోతుంది, ఇంట్లో ముందే మాట్లాడుకోండి. ఇక్కడే చదివినవాళ్లు స్టడీ సర్టిఫికెట్లు ఇప్పుడే తెచ్చి పెట్టుకోండి, కౌన్సెలింగ్ టైంలో స్కూల్ చుట్టూ తిరగలేరు.