లవణ సహన సయనోబాక్టీరియాలో సోడియం రవాణా

సయనోబాక్టీరియా లేదా నీలి ఆకుపచ్చ శైవలాలు కిరణజన్య సంయోగక్రియ జరిపే సూక్ష్మజీవులు. పేరులో శైవలం ఉన్నప్పటికీ ఇవి బాక్టీరియా వర్గానికే చెందుతాయి. వీటిలో ఉప్పునీటిలోను, చవుడు నేలలలోను పెరగగల వాటిని లవణ సహన జాతులు అంటారు. సోడియం అయాన్లు కణంలో అధికంగా చేరితే ఎంజైముల పని దెబ్బతింటుంది. కనుక ఈ జాతుల మనుగడ చాలావరకు కణత్వచం గుండా జరిగే సోడియం రాకపోకలపై ఆధారపడి ఉంటుంది.

సోడియం ప్రవేశం

కణం లోపలి భాగం ఋణావేశం కలిగి ఉంటుంది. సోడియం ధనావేశ అయాను. అందువలన ఉప్పునీటిలో గాఢతలోని తేడా, విద్యుదావేశం రెండూ దానిని లోపలికే లాగుతాయి. ప్రవేశాన్ని పూర్తిగా ఆపుటకు వీలులేదు. ఆహార తయారీకి కావలసిన బైకార్బొనేటును లోనికి చేర్చే కొన్ని వాహక ప్రోటీన్లు సోడియం తోడు లేనిదే పనిచేయవు.

సోడియం బహిష్కరణ

లోనికి వచ్చిన సోడియాన్ని సోడియం-ప్రోటాన్ ఆంటీపోర్టర్లు అనే త్వచ ప్రోటీన్లు బయటకు పంపుతాయి. ఇవి ప్రోటానును లోనికి రానిచ్చి, దానికి మారుగా సోడియాన్ని వెలుపలికి నెడతాయి. ఆ ప్రోటాన్లను ముందుగా బయట నిలిపి ఉంచడానికి కణం శక్తిని వెచ్చించవలసి ఉంటుంది. ఉప్పులో జీవనం ఖర్చుతో కూడినదే.

అఫనోథీసి హాలోఫైటికా అనే జాతి 3 మోలార్ ఉప్పు ద్రావణంలో కూడా పెరుగుతుంది. సముద్రజలంలో ఉప్పు సుమారు 0.5 మోలార్ మాత్రమే. ఈ జాతికి చెందిన ఒక ఆంటీపోర్టరు జన్యువును మంచినీటి సినెకోకాకస్‌లో ప్రవేశపెట్టగా, అది సముద్రపు నీటిలో పెరగగలిగిందని జపాన్, థాయ్‌లాండ్ పరిశోధకులు 2002లో ప్రకటించారు. అయితే సోడియాన్ని గెంటివేయడం ఒక్కటే చాలదు, ద్రవాభిసరణం వలన కణంలోని నీరు కూడా బయటకు పోతుంది. దీనిని నివారించుటకు అఫనోథీసి గ్లైసీన్ బీటైన్‌ను, సినెకోసిస్టిస్ గ్లూకోసిల్‌గ్లిసరాల్‌ను కణంలో నిలువ చేసుకుంటాయి.

చవుడు నేలలు

నీలి ఆకుపచ్చ శైవలాలతో ఊసర భూములను బాగుచేయవచ్చునని ఆర్.ఎన్. సింగ్ 1950లో ప్రతిపాదించారు. ఇవి నేలలోని ఉప్పును పీల్చివేస్తాయన్న అభిప్రాయం నేటికీ వినిపిస్తుంది. ముంబైలోని భాభా అణు పరిశోధనా కేంద్రంలో ఎస్.కె. ఆప్టే, జె. థామస్ తదితరులు 1980లలో జరిపిన ప్రయోగాలు ఇందుకు భిన్నమైన చిత్రాన్ని చూపాయి. మంచినీటి అనబీనా ఎల్-31 తనలోకి సోడియాన్ని విపరీతంగా చేర్చుకొని దెబ్బతింటుంది. ఉప్పునీటి అనబీనా టోరులోసా మాత్రం సోడియాన్ని లోనికి రానివ్వడమే తగ్గిస్తుంది. నైట్రేటు గాని, అమ్మోనియం గాని అందించినపుడు సోడియం ప్రవేశం తగ్గి, సహనశక్తి పెరిగింది. ఉప్పును తట్టుకునే జాతి ఉప్పును తక్కువగా తీసుకునే జాతి అన్నమాట.

తీసుకున్న కొద్దిపాటి సోడియం కూడా కణాలు చనిపోయి కుళ్ళిన తరువాత తిరిగి నేలలోనే కలుస్తుంది. కనుక వీటితో సోడియాన్ని శాశ్వతంగా తొలగించడం సాధ్యం కాకపోవచ్చునని ఆప్టే, థామస్ 1997లో తెలిపారు. ఒక మోస్తరు ఉప్పు గల తీరప్రాంతపు ఖార్ భూములలో అనబీనా టోరులోసా చక్కగా పెరిగి, నేలలో నత్రజనిని గణనీయంగా పెంచింది. పైరు ఎదిగే కాలంలోనే దీనిని పొలంలో వేయడం మేలని వారి సూచన.