మా ఇంటి కంప్యూటరే రౌటర్

మా ఇంట్లో నెట్ వైరు ఒక్కటే, అదీ కంప్యూటర్‌కి. మరి ఫోన్లకి? విండోస్ 10 సెట్టింగ్స్‌లో 'మొబైల్ హాట్‌స్పాట్' ఆన్ చేశాను. కంప్యూటర్‌లో వైఫై ఉంటే చాలు.

అప్పుడు కంప్యూటర్ 192.168.137.1 అనే నంబరు తను పెట్టుకుని, ఫోన్లకి తలా ఒకటి ఇస్తుంది. బయటికి అందరి మాటా ఒకే చిరునామా మీద వెళ్తుంది. వచ్చిన జవాబుల్ని ఎవరివి వాళ్ళకి పంచుతుంది. 533464 అని రాసినా యానాంలో పోస్ట్‌మాన్ ఎవరి ఉత్తరం వాళ్ళకే ఇచ్చినట్టు! దీన్నే నాట్ అంటారు.

ఒక్కటే చిక్కు. కంప్యూటర్ పడుకుంటే ఇల్లంతటికీ నెట్ పోతుంది. స్కాలర్‌షిప్ ఫారానికి ఆఖరి రోజున, ఫోన్‌లో సగం నింపాక అదే జరిగింది. అమ్మ తెలుగులో, నాన్న తమిళంలో తిట్టారు. మళ్ళీ మొదట్నుంచి నింపి, రాత్రి పదకొండింటికి పంపాను.

మీరు మాత్రం 'స్లీప్' దగ్గర ముందే 'నెవర్' పెట్టుకోండి.