ఆంగ్‌కోర్‌లో ఒక్క రోజు: రెండు కాళ్ళు, మూడు లక్షల రాళ్ళు!

సినిమా అయితే రెండున్నర గంటల్లో శుభం కార్డు పడిపోతుంది. కంబోడియాలోని ఆంగ్‌కోర్ అలా కాదు! ఒక్క రోజులో చుట్టేద్దామని వచ్చినవాళ్ళని మధ్యాహ్నానికల్లా చతికిలబెట్టి, సాయంత్రానికి కుంటుకుంటూ పంపిస్తుంది. ఒక్క రోజు టిక్కెట్టు 37 డాలర్లు. నేల, బెంచీ, బాల్కనీ తేడాల్లేవు, అందరూ నడవాల్సిందే! పైగా టిక్కెట్టు మీద మన ఫోటో వేస్తారు. తెల్లవారకముందే నిద్రకళ్ళతో దిగిన ఆ ఫోటోలో ఎంతటి అందగాడైనా విలన్ పక్కన నిలబడే అనుచరుడిలాగే ఉంటాడు.

ఆంగ్‌కోర్ వాట్ ముందున్న కొలను గట్టున అప్పటికే వందలమంది సెల్‌ఫోన్లు ఎత్తిపట్టుకుని సూర్యుడి కోసం కాచుకుని ఉన్నారు. ఆయన పెద్ద హీరోల్లాగే ఆలస్యంగా, అదీ మబ్బు చాటునుంచి వచ్చాడు. అయితేనేం! 12వ శతాబ్దంలో రెండో సూర్యవర్మ కట్టించిన ఆ అయిదు గోపురాలూ నీళ్ళలో తలకిందులుగా కనిపించేసరికి అంత గోలా ఒక్కసారి సద్దుమణిగింది.

లోపల తూర్పు వసారా గోడ మీద క్షీరసాగర మథనం చెక్కారు. పొడవు దాదాపు 49 మీటర్లు! అటు తొంభై మంది దాకా అసురులు, ఇటు తొంభై మంది దాకా దేవతలు వాసుకిని పట్టి లాగుతున్నారు. మా గుంపులో ఉన్న గుడివాడ పెద్దాయన కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశారు.

"మన పౌరాణికాల్లో అటు పదిమంది, ఇటు పదిమందితో సరిపెట్టేసేవాళ్ళు కదుటయ్యా! ఇంతమందికి బత్తాలిస్తే నిర్మాత ఏమైపోవాలి?" అన్నారు.

ఆయన తిరుమల కొండ నడిచి ఎక్కిన మనిషి. కానీ ఇక్కడ నడిగోపురానికి నిచ్చెనలా నిటారుగా ఉన్న మెట్లు చూసి, "మీరెళ్ళి రండి నాయనా, నా దణ్ణం కూడా మీరే పెట్టేయండి" అని నీడ చూసుకుని కూర్చున్నారు.

సినిమావాళ్ళకి ఈ రాళ్ళు కొత్తేం కాదు. పీటర్ ఓటూల్ నటించిన 'లార్డ్ జిమ్' (1965) ఇక్కడ తీశారు. కంబోడియాని ఏలిన సిహనూక్ స్వయంగా మెగాఫోన్ పట్టి 1966లో 'అప్సర' తీశారు. అందులో నటించి, నర్తించింది ఆయన కూతురు బొప్ఫా దేవే! 'ఇన్ ది మూడ్ ఫర్ లవ్' (2000) చివర్లో టోనీ ల్యూంగ్ తన రహస్యాన్ని ఆంగ్‌కోర్ వాట్ గోడ కన్నంలోనే చెప్పుకుంటాడు.

ఇక తా ప్రోమ్ సంగతి చూడండి. ఏడో జయవర్మ 1186లో తన తల్లి పేర కట్టించిన ఆలయం అది. కానీ అక్కడ జయవర్మని అడిగేవాడు లేడు! 'టూంబ్ రైడర్' (2001)లో ఏంజెలినా జోలీ కనిపించిన చోట ఫోటో దిగడానికి మాత్రం క్యూ. ఎదురుగా ఏనుగు తొండాలంత వేళ్ళు గోడని పిండేస్తున్నాయి. ఆ వేళ్ళే గోడని పగలగొట్టాయి, ఇప్పుడు ఆ వేళ్ళే పట్టి నిలబెడుతున్నాయి. చెట్టు కొడితే గుడి కూలుతుంది, వదిలేస్తే ఇంకా చీలుతుంది! ఈ చిక్కుముడి విప్పుతున్నవాళ్ళలో మన భారత పురావస్తు శాఖ నిపుణులూ ఉన్నారు.

అసలు కథ మాత్రం బాఫువోన్‌లో జరిగింది. 11వ శతాబ్దపు ఈ గుడి కూలిపోతుంటే, 1960 దశకంలో ఫ్రెంచి నిపుణులు రాయి రాయీ విప్పి, నంబర్లు వేసి, చుట్టూ అడవిలో పేర్చారు. సుమారు మూడు లక్షల రాళ్ళు! ఇంతలో దేశంలో యుద్ధం. 1975లో ఖ్మేర్ రూజ్ గద్దెనెక్కింది. ఏ రాయి ఎక్కడిదో రాసుకున్న కాగితాలు నాశనమయ్యాయి. స్క్రిప్టు పోయింది, ముక్కలైన రీళ్ళు మిగిలాయన్నమాట! ఇరవై ఏళ్ళ తర్వాత, 1995లో మళ్ళీ మొదలుపెట్టి, ఒక్కో రాయికీ దాని పక్క రాయిని వెతికి, 2011 నాటికి గుడిని నిలబెట్టారు.

ఆ మెట్ల దగ్గర క్యూ లేదు. అక్కడ ఏ హీరోయినూ నడవలేదు మరి! పెద్దాయన మాత్రం రెండు రాళ్ళ మధ్య అతుకు మీద వేలు పెట్టబోయి, సగంలో వెనక్కి తీసుకున్నారు.

"ముట్టుకుంటే అరుగుతుందేమోనయ్యా. పాపం, ఎంత కష్టపడి అతికారో!" అన్నారు.

కాబట్టి మిత్రులారా, ఎప్పుడైనా ఆంగ్‌కోర్ వెళితే జోలీ నిలబడ్డ చోట ఒక ఫోటో దిగండి, తప్పులేదు. తర్వాత బాఫువోన్‌కి వెళ్ళి, తెర మీద పేరు పడని ఆ సాంకేతిక నిపుణుల పనితనం ఒక పదినిమిషాలు చూడండి. మోకాళ్ళు మాత్రం గట్టివి తెచ్చుకోండేం!