ఎరవు కారు జాడ

అమెరికాలో కారును మరమ్మతుకు ఇచ్చినవారికి, అది బాగుపడువరకు వాడుకొనుటకై మరియొక కారును ఎరవిచ్చు ఆచారము పలు విక్రయశాలలలో కలదు. పెద్ద విక్రయశాలలో ఇట్టి కార్లు పదుల సంఖ్యలో ఉండును. ఏది ఆవరణలో ఉన్నది, ఏది ఎవరి చేతిలో ఉన్నది, ఏది గడువు దాటినది అను లెక్కను పుస్తకములో వ్రాసి ఉంచుట కష్టము. అందుచేత కారులో జాడ తెలుపు చిన్న పరికరమును అమర్చుచున్నారు. అది పనిచేయు తీరును చూతము.

ఆకాశమునుండి ఉపగ్రహము కారును కనిపెట్టి చూచుచుండునని చాలమంది తలంతురు. అది నిజము కాదు. జి.పి.యస్. ఉపగ్రహములు సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుచు, తామున్న స్థానమును, తమ గడియారములోని కాలమును రేడియో తరంగములద్వారా చాటుచుండును. కారులోని పరికరము వానిని వినునేగాని ఉపగ్రహమునకు బదులు చెప్పదు. తరంగము సెకనుకు సుమారు 3 లక్షల కిలోమీటర్లు పోవును గనుక, అది చేరుటకు పట్టిన కాలమును బట్టి ఉపగ్రహపు దూరము తేలును. ఈ కాలములో సెకనులో పదిలక్షవ వంతు తప్పు వచ్చినను దూరములో 300 మీటర్ల తేడా వచ్చును! ఉపగ్రహములలో ఉన్నవి పరమాణు గడియారములు, కారులోనిది సామాన్యమైనది. స్థానమును నిర్ణయించుటకు మూడు దూరములు చాలును. ఈ గడియారపు తప్పును సవరించుటకు నాలుగవ ఉపగ్రహము కూడ కావలెను.

ఇంతవరకు తన చోటు తెలిసినది కారునకే. విక్రయశాలకు తెలియవలెనన్న, ఆ పరికరములోనే సెల్‌ఫోనువంటి రెండవ భాగముండవలెను. అది స్థానమును, పలు కార్లలో ఇంధనపు మట్టమును, తిరిగిన దూరమును కూడ కార్యాలయమునకు పంపును. అచ్చటి కంప్యూటరు విక్రయశాలను కేంద్రముగా గైకొని పటముపై ఒక వృత్తమును గీయును. కేంద్రమునుండి కారు దూరము వ్యాసార్ధమును మించినచో హెచ్చరిక వచ్చును. పాఠశాలలో నేర్చిన వృత్తలక్షణమే ఇచ్చట కావలికాయుచున్నది.

అయితే ఎరవు సొమ్ము బరువు చేటు అని సామెత. కారు ఎచ్చట ఆగినదో తెలిసినచో, నడపువాడు ఏ వైద్యునియొద్దకు, ఎవరి ఇంటికి పోయెనో కూడ తెలియును. కనెక్టికట్ రాష్ట్రములో ఒక అద్దెకార్ల సంస్థ, గంటకు 79 మైళ్ల వేగమును మించి నడిపిన ప్రతిసారికి 150 డాలర్ల చొప్పున, ఇట్టి పరికరము తెలిపిన లెక్కనుబట్టి వసూలు చేసినది. ఆ జరిమానా అన్యాయమన్న నిర్ణయమును 2005లో ఆ రాష్ట్రపు సుప్రీంకోర్టు సమర్థించినది.

కావున కారు ఇచ్చునపుడే పరికరమున్నదని స్పష్టముగా చెప్పి సమ్మతి పొందుట న్యాయము. గడువు దాటినపుడో, దొంగతనము జరిగినపుడో తప్ప జాడ తీయనక్కరలేదు. కారు తిరిగి వచ్చిన పిమ్మట ఆ ప్రయాణపు లెక్కను చెరిపివేయవచ్చును. ఉపగ్రహము ఎవరి రహస్యమును ఎరుగదు. కారు తన చోటును ఎవరికి, ఎప్పుడు చెప్పవలెనో నిర్ణయించువారు మనుష్యులే.