నివురుగప్పిన నిప్పు

శ్రీకాకుళము నుండి విశాఖపట్టణము పోవు జాతీయ రహదారిపై రణస్థలము దాటిన పిదప పైడిభీమవరము వచ్చును. ఔషధములకు కావలసిన ముడి రసాయనములను తయారుచేయు కర్మాగారములు అక్కడ ఉన్నవి. వాటి చుట్టును ఊళ్ళున్నవి. యంత్రములు నడుచుచు, పొగగొట్టము పొగ విడుచుచున్నంతసేపు మనము ఆ వంక అనుమానముగా చూతుము. కర్మాగారము మూతపడిననాడు నిశ్చింతగా నిద్రింతుము. ఈ నమ్మకము ఎంత పొరపాటో 2020లో విశాఖపట్టణమునకు తెలిసివచ్చినది.

ఆ సంవత్సరము మే 7వ తేదీ తెల్లవారుజామున సుమారు 3 గంటల వేళ, గోపాలపట్నము చెంతనున్న ఆర్.ఆర్. వెంకటాపురములో, ఎల్.జి. పాలిమర్స్ కర్మాగారపు ట్యాంకు నుండి స్టైరీను ఆవిరి వెలువడి ఊరిని కప్పివేసినది. 12 మంది మరణించిరి; వందలాది జనులు ఆసుపత్రుల పాలైరి. కోవిడ్ లాక్‌డౌన్ వలన ఆ కర్మాగారము మార్చి చివరి నుండి మూతపడియే యున్నది.

మూసియున్న చోట ప్రమాదమెట్లు పుట్టినది? స్టైరీను ప్లాస్టిక్కు తయారీలో వాడు ద్రవము. తోడు వేసిన పాలు గడ్డకట్టినట్లు, ఇది తనంత తానే గట్టిపడ జూచును. ఐతే పాలవలె చల్లగా తోడుకొనదు. గట్టిపడుచు వేడిని పుట్టించును. ఆ వేడి గట్టిపడుటను మరింత త్వరపరచును. కనుకనే దానిని ఎల్లప్పుడు చల్లగా ఉంచవలెను. ఈ చర్యను అణచియుంచు మందును తగినంత కలుపుచుండవలెను. ప్రభుత్వము నియమించిన ఉన్నతాధికార సంఘము విచారించి చెప్పినదేమనగా: ఆ మందు కొరవడినది, ట్యాంకు పైభాగపు వేడిని కొలుచు ఏర్పాటు లేదు, ప్రజలను హెచ్చరించు సైరను మ్రోగలేదు. యంత్రములకు సెలవు ఇవ్వవచ్చును గాని, నిల్వయున్న రసాయనమునకు కావలివాడు సెలవు పుచ్చుకొనరాదు.

ఇందుకు నిబంధనలు లేకపోలేదు. 1984 డిసెంబరులో జరిగిన భోపాల్ ఘోరము పిమ్మట 1986లో పర్యావరణ పరిరక్షణ చట్టము, 1989లో అపాయకర రసాయనముల నియమావళి వచ్చినవి. ఈ నియమావళి ప్రకారము, పెద్ద ప్రమాదమునకు తావున్న కర్మాగారము ఆవరణలోపలి ఆపత్కాల ప్రణాళికను వ్రాసి సిద్ధము చేయవలెను. ఆరు నెలలకొకసారి దానిని అభ్యాసము చేసి చూడవలెను. ఆవరణ వెలుపలి ప్రణాళిక అధికారుల బాధ్యత. 1996 నాటి నియమములు జిల్లా స్థాయిలో కలెక్టరు అధ్యక్షతన ఆపత్కాల సంఘమును ఏర్పరచినవి.

వీటన్నిటిలోను గృహస్థులకు ముఖ్యమైన నియమమొకటి కలదు. ప్రమాదము సోకగల ఇరుగుపొరుగు వారికి, అపాయము ఎట్టిదో, అప్పుడు ఏమి చేయవలెనో, ఏమి చేయరాదో ముందుగా తెలియజేయవలెను. అనగా మనము అడుగుట దయాభిక్ష కాదు, హక్కు. గ్రామసభలో మూడు ప్రశ్నలు వేయుడు: మా ఊరి చెంత నిల్వయున్న రసాయనమేది? సైరను ధ్వని ఎట్లుండును? అది విన్నంతనే మేము ఏ దారిని పోవలెను? కర్మాగారములో పనిచేయు మన బిడ్డలకే ఈ జవాబులు తెలియకున్నచో, కాగితముపై ప్రణాళిక ఎంత చక్కగా ఉన్నను ఫలమేమి?

కొన్ని మెలకువలు ఇప్పుడే గుర్తుంచుకొనవచ్చును. స్టైరీను ఆవిరి గాలికంటె మూడు రెట్లకు పైగా బరువైనది. నేలబారున, పల్లపు చోట్ల నిలుచును. కాబట్టి బయట నున్నవారు గాలి వీచు దిశకు అడ్డముగా, మెరకవైపునకు సాగిపోవలెను. తడిగుడ్డ ముక్కునకు అడ్డము పెట్టుకొనుట కొంత మేలు. దానిని నమ్మి అక్కడనే నిలిచిపోరాదు. కన్నులు మండినచో శుభ్రమైన నీటితో బాగుగా కడుగవలెను. పసిపిల్లలను, వృద్ధులను ఎవరు తోడ్కొని పోవలెనో ప్రతి ఇంటివారును ముందుగానే నిర్ణయించుకొనవలెను.

మన నానుడిలో నివురుగప్పిన నిప్పు అన్నమాట ఉన్నది. పైకి బూడిదయే కనిపించును. అందుచేతనే ఇల్లాలు పడుకొనబోవుముందు పొయ్యిని ఒకమారు కదిపి చూచును. కర్మాగారముల విషయమున నిబంధనలన్నిటి సారము ఆ ఒక్క మెలకువయే. దానిని పాటించువారు లోపల ఉండవలెను. పాటించుచున్నారా అని అడుగువారు వెలుపల ఉండవలెను.