శివారు పొలమునకు నీరు

ధవళేశ్వరముకడ ఆనకట్ట 1847లో మొదలై 1852లో పూర్తియైనది. నాటినుండి గోదావరి రైతునకు ఒక సత్యము అనుభవమున నిలిచినది: ఏ ఒక్కడును నదిని తన పొలమునకు మాత్రమే మళ్లించుకొనజాలడు. అందఱును నీటితీరువా చెల్లింతురు. కాలువ అందఱిదియు నగును.

సరిగా నూఱేండ్లకు, 1952 ఫిబ్రవరి 24న, ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూ కాన్పూరులో కార్మిక రాజ్య బీమాను ప్రారంభించెను. జనులు ఇ.ఎస్.ఐ. అనునది దీనినే. ఇదియు నొక ఆనకట్టయే. ఇచట నిలుచునది నీరు గాదు, కష్టార్జితము.

రాజమహేంద్రవరమున ఒక కార్ఖానాలో నెలకు 15,000 రూపాయలు తెచ్చుకొను కార్మికు డున్నాడనుకొందము. 2019 జూలైలో నిర్ణయించిన చొప్పున, వేతనములో నూటికి 75 పైసలు అతడును, 3 రూపాయల 25 పైసలు యజమానియు చెల్లింపవలెను. అతనివి 112 రూపాయల 50 పైసలు, యజమానివి 487 రూపాయల 50 పైసలు, వెరసి 600. ఆ నెల అతనికి తలనొప్పియైనను రాకపోవచ్చును. సొమ్ము వృథా కాలేదు. మఱొకని యింట పురుటికి, వేఱొకని శస్త్రచికిత్సకు పాఱినది. రేపు అతడే మంచము పట్టినచో, నియమిత కాలము చందా చెల్లియున్నయెడల, ఏడాదికి 91 దినములవరకు వేతనములో నూటికి 70 వంతు భత్యము ముట్టును.

వార్ధక్యమునకు వేఱొక కాలువ కలదు. 1995 నాటి ఉద్యోగుల పింఛను పథకమున, యజమాని భవిష్యనిధి చందానుండి వేతనములో నూటికి 8.33 వంతు పింఛను నిధికి మళ్లును, కేంద్రము 1.16 వంతు కలుపును. సగటు వేతనమును సర్వీసు ఏండ్లతో హెచ్చించి 70చే భాగింతురు. 15,000 వేతనముపై 14 ఏండ్ల సర్వీసునకు 3,000 రూపాయలు వచ్చును. 2024 జూలైనుండి ఆంధ్రప్రదేశమున పేదవృద్ధులకు పన్నుల సొమ్ముతో ఇచ్చు పింఛను 4,000. చందా కట్టినవాడు ఈ రెండంకెలను పక్కపక్కన పెట్టుకొని నిట్టూర్చుట సహజమే. అయినను మొదటిది అతని సేవనుబట్టి లెక్కకు వచ్చిన హక్కు. రెండవది ప్రభుత్వ నిర్ణయము.

కాలువ నిండుగా నున్నను శివారు పొలము ఎండుట డెల్టావాసులకు తెలియనిది గాదు. కోనసీమలో కొబ్బరికాయలు దింపువాడు, వరికోతల కూలి, రేవులోని పడవవాడు ఏ యజమాని హాజరు పట్టీలోను లేరు. చెఱకు గానుగాడు నెలలలోనే పనియుండు చక్కెర కర్మాగారములను 1948 నాటి బీమా చట్టమే వెలుపల నుంచినది. జబ్బు వీరినిమాత్రము వెలుపల నుంచదు.

కావున జీతపు చీటీలో కోతను చూచి విసుగుకొనువాడు ఒక్కసారి ప్రక్కవాని చేతిలోనికి చూడవలెను. అందు కోత లేదు, చీటీయే లేదు. భయపడవలసినది దానిని చూచియే.