సందడిలో మాట వినుట

చెవికి ధ్వని సోకుట వేఱు, మాట బోధపడుట వేఱు. ఈ భేదము తెలియకపోవుటచేత తరగతిలో కొందఱు బాలురు నిష్కారణముగా దోషులగుచున్నారు. ఇంట నిశ్శబ్దవేళ అవ్వ మెల్లగా పిలిచినను పలుకు బాలుడే, తరగతిలో వెనుకబల్లపై కూర్చుండి ఉపాధ్యాయుని ప్రశ్నకు తెల్లబోయి చూచును. అతనిని మనము అజాగ్రత్తపరుడందుము. వైద్యుడు పరీక్షించి చెవి బాగుగనే యున్నదని చెప్పవచ్చును. అయినను బాలుని కష్టము నిజమే కావచ్చును. ఇది యెట్లో వివరింప యత్నింతుము.

సామాన్యముగా చేయు పరీక్షలో, నిశ్శబ్దమగు గదియందు హెచ్చు తగ్గు స్థాయిల స్వరములను ఒక్కొక్కటిగా వినిపించి, ఎంత మెల్లని ధ్వని వినబడునో కనుగొందురు. ఇది ఆవశ్యకమే. కాని మనము బ్రదుకునది నిశ్శబ్దమగు గదిలో కాదు. ఈ పరీక్షలో సమానులైన ఇరువురిలో ఒకడు సంతసందడిలో మాట గ్రహింపగా, మఱియొకడు గ్రహింపజాలకుండుట కలదు. అందుచేత శాస్త్రజ్ఞులు రొద నడుమ వాక్యములు వినిపించు పరీక్షలను కల్పించిరి.

హాలెండు దేశమున ప్లోంప్, మింపెన్ అనువారు 1979 లో ప్రకటించిన పరీక్ష ఇట్టివానిలో ప్రసిద్ధము. అందు పదుమూడేసి వాక్యములు గల పట్టికలు పది. ఇట్టి పరీక్షల పద్ధతి త్రాసువంటిది. శ్రోత వాక్యమును సరిగా తిరిగి చెప్పినచో తరువాతి వాక్యపు ధ్వనిని 2 డెసిబెల్లులు తగ్గింతురు. తప్పినచో అంతే హెచ్చింతురు. ఇట్లు పైకి క్రిందికి ఊగి, వాక్యములలో సగము సరిగా చెప్పగల స్థానమున ముల్లు నిలుచును. అచ్చట రొదకంటె మాట ఎంత హెచ్చుగా, లేక తగ్గుగా ఉన్నదో అదియే ఫలితము.

త్రాసు మంచిదైనను తూనికరాళ్లు సమానముగా లేనిచో ప్రయోజనమేమి? “ఆవు పాలు” అని వినబడగానే “ఇచ్చును” అని ఊహింపవచ్చును; అన్ని వాక్యములును అట్టివి కావు. పైని చెప్పిన స్థానమున ఒక్క డెసిబెల్లు భేదముననే నూటికి పది పాళ్లు, అంతకు మించియు ఫలితము మాఱును. వినికిడి యంత్రము లేకుండ ఒక పట్టికను, ధరింపజేసి వేఱొక పట్టికను వినిపించితిమనుకొందము. రెండవ పట్టిక సులభమైనచో, యంత్రము చేయని మేలు చేసినట్లు తోచును. తండ్రి దానిని నమ్మి సొమ్ము వ్యయపఱచును. బిడ్డ కష్టము తీఱదు.

ఈ లోపమును సవరించుటకు అమెరికాలో నిల్సన్, సోలి, సల్లివన్ అనువారు చాల శ్రమపడి, 1994 లో పదేసి వాక్యములు గల 25 పట్టికలను ప్రకటించిరి. వానికి మూలము ఇంగ్లండునందు వినికిడి తక్కువైన పిల్లల మాటలను బట్టి కూర్చిన వాక్యములు. కావున పదములు సులభములు. చెవి బాగుగ నున్నవారికి వానిని రొదలో వినిపించి, కష్టమైన వాక్యముల ధ్వనిని కొంచెము హెచ్చించి, సులభమైనవాని ధ్వనిని తగ్గించి, సమానము చేసిరి. రొదను కూడ వాక్యములు చదివినవాని కంఠధ్వనికి సరిపోవునట్లు కూర్చిరి.

మఱియొక చిక్కు కలదు. ఒకసారి విన్న వాక్యము జ్ఞాపకముండును గనుక మరల పనికిరాదు. స్వీడనులో హాగర్మన్ 1982 లో దీనికి ఉపాయము చూపెను. వాక్యమునకు ఐదు పదములు. ఒక్కొక్క స్థానమునకు పదేసి పదములు. వీనిని మార్చి మార్చి కూర్చినచో లక్ష వాక్యములగును. ఒక పదము విన్నంతమాత్రమున తక్కినవి ఊహింపరావు. అయితే శ్రోతకు పదములు అలవాటగుకొలది ఫలితము మెఱుగగును. కావున మొదటి ఒకటి రెండు పట్టికలను అభ్యాసమునకే విడువవలెను. వాక్యమంతటికి ఒకే మార్కు ఇచ్చుటకంటె పదమునకొక మార్కు ఇచ్చుటయు ఫలితమును స్థిరపఱచును.

ఒక భాషలోని పరీక్షను వేఱొక భాషలోనికి మార్చినంత మాత్రమున చాలదు. తెలుగున “వచ్చెను”, “వచ్చెనా” అను వానికి చివరి అక్షరముననే భేదము. ఆ యక్షరము రొదలో మునిగినచో అర్థమే మాఱును. తెలుగు పిల్లలకు తెలుగు వాక్యములనే కూర్చి, తెలుగువారి చెవులతోనే తూచి చూడవలెను.

తల్లిదండ్రులకును ఉపాధ్యాయులకును మా మనవి యొక్కటే. పిలిచినను పలుకని బాలుని దండింపకముందు ముందుబల్లపై కూర్చుండబెట్టుడు. వీధివైపు తలుపు మూసి, వానికి ఎదురుగా నిలిచి ప్రశ్నింపుడు. అప్పుడు చక్కగా బదులు చెప్పినచో, లోపము వాని శ్రద్ధయందు లేకపోవచ్చునని యెఱిగి, రొదలో వినికిడిని పరీక్షింపుమని వైద్యుని కోరుడు.